లీష్‌కి అటూ ఇటూ: చుక్కితో ఫిట్‌నెస్ ప్రాజెక్టు డైరీ

ప్రాజెక్టు ఏమిటంటే

నేనూ మా చుక్కీ కలిసి ఆగకుండా 5 కిలోమీటర్లు పరుగెత్తాలి. ఇద్దరిలో ఎవరికీ కీళ్లు పట్టెయ్యకూడదు, ఎవరికీ వడదెబ్బ తగలకూడదు. చుక్కి ఐదేళ్ల ఆడ లాబ్రడార్. నాది రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం. బరువు ఇద్దరికీ ఉండాల్సినదానికంటే ఎక్కువే.

నా వరకు ఎంత చెయ్యాలో తెలుసుకోవడం తేలిక. పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం గానీ, 75 నుంచి 150 నిమిషాలు గట్టి వ్యాయామం గానీ చెయ్యాలని, దాంతోపాటు కనీసం రెండు రోజులు కండరాలకి పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో ఉంది. కుక్క ఉన్న ఇంట్లో ఇది సాధ్యమేనన్న నమ్మకం కూడా గాలిలోంచి వచ్చింది కాదు. లివర్‌పూల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనంలో, ఆ 150 నిమిషాల హద్దు అందుకునే అవకాశం కుక్కల్ని పెంచేవాళ్లకి పెంచనివాళ్లకంటే సుమారు నాలుగు రెట్లు ఎక్కువని తేలింది.

మరి చుక్కికి? కుక్కలన్నిటికీ సరిపోయే అంకె అంటూ ఒకటి లేదు. జాతి, వయసు, బరువు, ముక్కు పొడవు, ఆ రోజు వాతావరణం, అన్నీ కలిసి తేలుస్తాయి. పైగా మనిషికి అలుపొస్తే ఆగి నడుం మీద చేతులు పెట్టుకుంటాడు. కుక్క అలా కాదు. తన మనిషి పరుగెడుతున్నంతసేపూ తనూ పరుగెడుతుంది, ఒంట్లో ఓపిక ఉన్నా లేకపోయినా. అందుకే ఈ డైరీలో ప్రతి పేజీకీ మధ్యలో గీత గీశాను. ఎడమవైపు నా సంగతి, కుడివైపు చుక్కి సంగతి. కుడివైపు ఖాళీగా ఉంటే ఆ రోజు వ్యాయామం లెక్కలోకి రాదు. ఈ ప్రాజెక్టుకి నేను పెట్టుకున్న నియమం అదొక్కటే.

ముందు డాక్టరు దగ్గరికి

నా బీపీ, షుగరు పరీక్షలు మామూలే, వాటి గురించి రాయడానికేం లేదు. చుక్కి పరీక్షే ఎక్కువసేపు పట్టింది. డాక్టరు గారు గుండె చప్పుడు విన్నారు. తుంటి, మోచేతి కీళ్లు మడిచి చాచి చూశారు. లాబ్రడార్లలో ఈ రెండు చోట్లా వంశపారంపర్యంగా వచ్చే లోపాలు మామూలట. 5 నుంచి 20 నిమిషాలు గట్టిగా పరుగెత్తేసరికి వెనక కాళ్లు పట్టుతప్పి కూలబడే వంశపారంపర్య జబ్బు కూడా ఈ జాతిలో ఉంది. దానికి జన్యు పరీక్ష ఉంది కాబట్టి చేయించేశాం. చుక్కికి ఆ బెడద లేదు.

తర్వాత పక్కటెముకలు తడమడం నేర్పారు. ఇది ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. పిడికిలి బిగించి కణుపుల మీద రెండో చేతి వేళ్లు రాయండి. పక్కటెముకలు అలా పొడుచుకుని తగిలితే కుక్క మరీ బక్కచిక్కినట్టు. అరచేతిలో వేళ్ల మొదళ్ల దగ్గర తడిమితే ఎముక దొరకదు, మెత్తగా ఉంటుంది. అలా తగిలితే ఒళ్లొచ్చినట్టు. చెయ్యి చాపి వెనకవైపు తడమండి, పలచటి చర్మం కింద ఎముకలు వరసగా తెలుస్తాయి. పక్కటెముకలు అలా ఉండాలి. చుక్కి విషయంలో నా వేళ్లకి ఎముకలు దొరకాలంటే కాస్త నొక్కాల్సి వచ్చింది. ఒంటితీరుకి 1 నుంచి 9 దాకా మార్కులు వేసే పద్ధతిలో 4, 5 సరైనవి. 5 దాటాక ఒక్కో అంకెకీ సుమారు 10 శాతం అదనపు బరువని లెక్క. చుక్కికి 7 పడింది. తూకం 34 కిలోలు, చేరాల్సింది 28.5 దరిదాపుల్లో.

ఇంట్లో రాసుకోవాల్సినవి కూడా అప్పుడే చెప్పారు. గాఢనిద్రలో ఉన్నప్పుడు అర నిమిషం సేపు పక్కటెముకలు ఎన్నిసార్లు లేచి పడుతున్నాయో లెక్కపెట్టి రెండింతలు చెయ్యాలి. నిమిషానికి 30 లోపు ఉండాలి. పై పెదవి ఎత్తి చిగురు మీద వేలితో నొక్కి వదిలితే, తెల్లబడిన చోట రెండు సెకన్లలోపే మళ్లీ గులాబీ రంగు రావాలి. ఈ రెండూ ఆరోగ్యంగా ఉన్న రోజునే చూసి రాసుకోవాలి. బాగున్నప్పుడు ఎంతుందో తెలియకపోతే బాగోలేనప్పుడు తేడా ఎలా పట్టుకుంటాం?

ఇది చదివి తమ కుక్కతో పరుగు మొదలుపెట్టాలనుకునేవాళ్లకి ఇక్కడే ఒక మాట. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిముక్కు జాతులకి ఈ ప్రాజెక్టు పనికిరాదు. వాటికి చల్లటి పూట మెల్లటి నడకే సరి. పెద్ద జాతి పిల్లలకి ఎముకల చివర ఎదుగుదల పూర్తయ్యేసరికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. అప్పటిదాకా వాటిని తోటలో ఇష్టమొచ్చినట్టు ఆడనివ్వండి గానీ, లీష్ కట్టి రోడ్డు మీద దూరాలు పరుగెత్తించకండి.

తిండి డబ్బా

కుక్క బరువు తగ్గేది పరుగు వల్ల కంటే గిన్నె వల్లే. విశ్రాంతిలో ఉన్న ఒంటికి ఎంత శక్తి కావాలో లెక్కకట్టడానికి పశువైద్యులు వాడే సూత్రం ఒకటుంది. బరువుని కిలోల్లో తీసుకుని, 0.75 ఘాతం కట్టి, 70తో గుణించాలి. ఇప్పుడున్న బరువు కాదు, చేరాల్సిన బరువు వెయ్యాలి. 28.5 కిలోలకి సుమారు 860 కిలోక్యాలరీలు వచ్చింది. అక్కడ మొదలుపెట్టి, తూకం చూసుకుంటూ సర్దుకోవాలి. వారానికి ఒంటి బరువులో 1 నుంచి 2 శాతం తగ్గితే మంచి వేగం. చిరుతిళ్లు రోజు మొత్తంలో 10 శాతం దాటకూడదు.

లాబ్రడార్లని తిండిపోతులని అందరూ అంటారు. అందులో కుక్క తప్పేం లేదు. పీఓఎంసీ అనే జన్యువులో కొంత భాగం లేకుండా పుట్టే లాబ్రడార్లు ఉన్నాయని, అలా సుమారు నాలుగో వంతు ఉంటాయని కేంబ్రిడ్జి పరిశోధకులు 2016లో బయటపెట్టారు. వాటికి తిన్నా ఆకలి తీరినట్టుండదు. మరోవైపు 48 లాబ్రడార్లని పుట్టినప్పటి నుంచి చనిపోయేదాకా గమనించిన అధ్యయనం 2002లో వచ్చింది. అందులో కుక్కల్ని జతలుగా చేసి, ప్రతి జతలో ఒకదానికి రెండోదానికంటే 25 శాతం తక్కువ తిండి పెట్టారు. తక్కువ తిన్నవాటి మధ్యగత ఆయుష్షు 13 ఏళ్లు, మిగతావాటిది 11.2 ఏళ్లు. దాదాపు రెండేళ్లు! ఈ అంకె చదివాక నాకు చుక్కి గిన్నె ముందు మనసు మెత్తబడడం మానేసింది.

అమ్మకి మాత్రం మెత్తబడుతూనే ఉంది.

"పాపం, దాని కళ్లు చూడరా. ఒక్క బిస్కెట్టుకే ఏమైపోతుంది?"

"ఒక్కటి కాదమ్మా. నువ్వొకటి, పాప ఒకటి, నేనొకటి. దానికి అన్నీ కలిసి ఒక పూట తిండి."

వాదించి లాభం లేదని డబ్బా పద్ధతి పెట్టాం. పొద్దున్నే ఆ రోజు తిండంతా తూచి ఒక మూత డబ్బాలో పోస్తాను. ఎవరు ఏం పెట్టినా అందులోంచే తీసి పెట్టాలి. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకి ముగిసినట్టే. ఇప్పుడు అమ్మ ఒక్కో గింజే తీసి, గదిలో మూలమూలలా దాచి, చుక్కి చేత వెతికిస్తుంది. ఇద్దరికీ సరదా, లెక్క తప్పదు.

మొదటి నడకలు

నడక అనగానే చుక్కి దృష్టిలో వాసన చూడడం. నా దృష్టిలో అడుగులు. ఈ రెండూ కలపకూడదని మొదటివారంలోనే అర్థమైంది. అందుకే బయటికి రాగానే పది నిమిషాలు పూర్తిగా దానివి. ఏ చెట్టు దగ్గర ఆగితే అక్కడ ఆగుతాను, లీష్ వదులుగా ఉంచుతాను. వాసన పట్టడం కుక్క మెదడుకి పెద్ద పని. ఆ పని తీరాక నాతో తిన్నగా నడుస్తుంది. నాకు కూడా ఆ పది నిమిషాలూ కీళ్లు వేడెక్కడానికి సరిపోతాయి.

తర్వాత జోరు నడక. నా కొలత పాతదే: మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. చుక్కి కొలత దాని కాళ్లలో ఉంది. పెద్ద కుక్కకి మన మామూలు నడక మరీ నెమ్మది. నేను వేగం పెంచితే అది దుడుకు నడకలోకి వస్తుంది. అప్పుడు కుడి ముందుకాలూ ఎడమ వెనకకాలూ ఒకేసారి లేస్తాయి, తర్వాత ఆ రెండో జత. వీపు నిటారుగా, ఊగకుండా ఉంటుంది. ఎక్కువసేపు సాగడానికి కుక్కకి అనువైన నడక ఇదే. ఒకే వైపు కాళ్లు రెండూ కలిసి కదలడం మొదలై ఒళ్లు అటూ ఇటూ ఊగితే చాలావరకు అలుపని అర్థం. కొన్ని కుక్కలకి అది అలవాటు నడక కూడా కావచ్చు గానీ చుక్కికి కాదు. అలా ఊగడం కనిపించిన ప్రతిసారీ కుడివైపు 'ఊగింది' అని రాసి ఇంటిదారి పట్టాను. నాకింకా ఓపికున్నా సరే.

కట్టే సరంజామా

మెడ పట్టీకి లీష్ తగిలించి పరుగెత్తకూడదు. మెడ పట్టీ మీద లాగినప్పుడు కుక్క కంటిలో ఒత్తిడి పెరుగుతుందని, హార్నెస్ (మెడకి కాక ఛాతీకి తొడిగే పట్టీలు) మీద లాగినప్పుడు పెరగదని 2006లోనే కొలిచి చూపించారు. గొంతు మీద పడే బరువు సరేసరి. హార్నెస్‌లో కూడా రొమ్ముకి అడ్డంగా పట్టీ ఉండేది వద్దు, అది భుజం కదలికకి అడ్డు రావచ్చు. ఇంగ్లిషు వై అక్షరం ఆకారంలో మెడ కింద నుంచి రొమ్ము మధ్యగా దిగేది తీసుకున్నాం. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. పరుగయ్యాక ముందుకాళ్ల వెనక, చంకల్లో వెంట్రుకలు పక్కకి తీసి చూస్తాను. అక్కడ ఎర్రబడితే పట్టీ ఒరుసుకుంటోందని అర్థం.

నా నడుముకి బెల్టు. కుక్కని నడుముకి కట్టుకుని పరుగెత్తే ఆటకి కానిక్రాస్ అని పేరు. మంచు మీద బండ్లు లాగే కుక్కలకి మంచులేని కాలంలో ఇచ్చే శిక్షణలోంచి పుట్టిందది. ఆ ఆటలో కుక్క ముందుండి లాగుతుంది. మాకు లాగడం అక్కర్లేదు గానీ ఆ సామాను మాత్రం పనికొచ్చింది. బెల్టు నడుం సన్నటి చోట కాక కిందికి, తుంటి ఎముకల మీద కూర్చోవాలి. అప్పుడు కుదుపు వెన్నుకి తగలదు. లీష్‌లో సాగే ముక్క ఉండడం వల్ల చుక్కి పిల్లిని చూసి ఒక్కసారిగా దూకినా ఇద్దరికీ దెబ్బ తగలదు. చుట్టుకుపోయే డబ్బా లీష్ పరుగుకి అసలు వద్దు.

మాటలు కూడా కొన్ని నేర్పాను: 'పద', 'మెల్లగా', 'కుడి', 'ఎడమ', 'వదిలెయ్'. అన్నిటికంటే 'మెల్లగా' ముఖ్యం. వాలులో దిగేటప్పుడు అది రాకపోతే మోకాళ్లు పోయేది మనవే.

ఎండ సంగతి

డైరీలో కుడివైపు ఎక్కువ సిరా ఖర్చైంది దీనికే.

మనం ఒళ్లంతా చెమట పోస్తాం. కుక్కకి చెమట పట్టేది అరికాళ్ల దగ్గరే, దానివల్ల ఒళ్లు చల్లబడేది దాదాపు ఏమీ లేదు. రొప్పడమే దాని దారి. నాలుక, నోరు, ముక్కు లోపలి తడి ఆవిరై వేడిని తీసుకుపోతుంది. గాలిలో ఉక్కగా ఉంటే ఆ తడి సరిగా ఆవిరి కాదు. అంటే ఎండ లేదు కదా అని మబ్బు పట్టిన ఉక్కపూట పరుగు పెట్టడం కూడా ప్రమాదమే. కుక్క మామూలు ఒంటి వేడే 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్, మనకంటే ఎక్కువ. 41 దాటితే లోపలి అవయవాలు దెబ్బతింటాయి. కార్లో వదిలేస్తేనే వడదెబ్బ అనుకుంటాం గానీ, బ్రిటన్‌లో 2020లో ప్రచురించిన పరిశీలన ప్రకారం కుక్కల వడదెబ్బల్లో ఎక్కువ భాగం నడక, ఆట, పరుగు వల్ల వచ్చినవే.

చుక్కి వేడిని నేను నాలుకలో చదువుతాను. హాయిగా ఉన్నప్పుడు నోరు కొద్దిగా తెరిచి, నాలుక పళ్ల వెనకే ఉంటుంది. వేడెక్కుతుంటే బయటికి జారుతుంది, ఇంకా చివర సన్నగానే ఉంటుంది. బాగా వేడెక్కితే నాలుక చివర గరిటెలా వెడల్పై, అంచులు పైకి మడుస్తుంది, పెదవుల మూలలు వెనక్కి లాక్కుపోతాయి, చిగుళ్లు ముదురు ఎరుపు తిరుగుతాయి. వెడల్పు కనిపించగానే పరుగు ఆపి నీడకి తీసుకెళతాను. ఒక సాయంత్రం గాలి బొత్తిగా లేదు. నేను బాగానే ఉన్నాను, ఇంకో కిలోమీటరు పోగలను. నాలుక వెడల్పైంది. ఆపి, పొట్ట మీదా తొడల లోపలా నీళ్లు పోసి, నెమ్మదిగా నడిపించుకుని వచ్చేశాను. పది నిమిషాలకి నోరు మూసుకుంది. పది, పదిహేను నిమిషాల్లో రొప్పు దిగకపోతే తర్వాతి రోజు విశ్రాంతి అని అప్పుడే రాసుకున్నాను.

తూలడం, వాంతి, పిలిస్తే పలకకపోవడం కనిపిస్తే మాత్రం అది వడదెబ్బే. ముందు చల్లార్చాలి, ఆ తర్వాతే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. దొరికిన చల్లటి నీళ్లు ఒళ్లంతా పోస్తూ గాలి తగలనివ్వాలి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే వేడి లోపలే నిలిచిపోతుంది. ఇంట్లో అందరికీ, మా పాపతో సహా, ఇది చెప్పి ఉంచాను.

రోడ్డుకి పరీక్ష సులువు. చెయ్యి వెనకవైపు నేలకి ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే చుక్కి పాదాలకీ అది తగదు. సూర్యుడు దిగిపోయాక కూడా తారు చాలాసేపు వేడిగానే ఉంటుంది కాబట్టి పరుగులన్నీ తెల్లవారుజాముకి మార్చేశాం.

నడకలో పరుగు కలపడం

సోఫాలో కూర్చునేవాళ్లని 5 కిలోమీటర్ల దాకా తీసుకెళ్లే తొమ్మిది వారాల పట్టిక ఒకటి ప్రపంచమంతా వాడుతున్నారు. 1996లో జోష్ క్లార్క్ తయారుచేసింది. ఒక నిమిషం పరుగు, ఒకటిన్నర నిమిషం నడకతో మొదలవుతుంది, వారానికి మూడు రోజులే. అదే పట్టుకున్నాం గానీ తొమ్మిది వారాల్లో ముగించాలన్న తొందర పెట్టుకోలేదు. ఏ మెట్టైనా ఇద్దరికీ కుదిరేదాకా అక్కడే ఉండిపోయాం. మొదట్లో కుదరనిది నాకు: పిక్కల ముందు భాగం నొప్పి, ఊపిరి అందకపోవడం. చుక్కికి ఆ దూరాలు లెక్కేకాదు. తర్వాత తారుమారైంది. నా ఊపిరి కుదురుకున్నాక ఆపుతున్నది ఎప్పుడూ దాని ఒంటి వేడే.

వీలున్నంతవరకు మట్టి బాట మీద పరుగెత్తాం. అరికాళ్ల చర్మం గట్టిపడడానికి కూడా టైము పడుతుంది. గోళ్లు నేల మీద టకటక చప్పుడు చేస్తే కత్తిరించాల్సినట్టే. పొడుగు గోళ్లు వేళ్లని పైకి నెట్టి నడక తీరు మార్చేస్తాయి. తిండికీ పరుగుకీ మధ్య గంటన్నరైనా ఎడం ఉంచుతాం. లోతైన ఛాతీ ఉన్న జాతుల్లో కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది, దాంతో చెలగాటం వద్దు.

వాన రోజులు, ఇంట్లో పని

బయటికి వెళ్లలేని రోజుల్లో కండరాల పని. మాకు బాగా కుదిరింది ఇది: నేను ఎదురుగా నిలబడి గుంజీ తీస్తుంటే చుక్కి 'కూర్చో'. నేను లేస్తుంటే అది లేస్తుంది. జారని చాప మీదే చెయ్యాలి. లేచేటప్పుడు వెనక కాళ్లు రెండూ సమానంగా నెట్టాలి, ఒక తొడ పక్కకి పడేసి కూర్చుంటే లెక్కకాదు. కుక్క తన బరువులో సుమారు 60 శాతం ముందుకాళ్ల మీదే మోస్తుంది కాబట్టి వెనక కాళ్లకి ఇలాంటి పని అవసరం. వెనక్కి నడవడం, నేల మీద పరిచిన కర్రలు ఒక్కోటీ దాటడం కూడా అంతే. పాప కర్రలు పరిచి, తనూ వెనకే దాటుకుంటూ వస్తుంది.

ఈత కూడా ప్రయత్నించాం. కీళ్లకి మంచిదే, కానీ మాకు దగ్గర్లో నమ్మకమైన నీళ్లు లేవు. దాన్ని వదిలేశాం.

కుంటిన వారం

ఒక పొద్దున పరుగు మధ్యలో చుక్కి తల ఊగడం మారింది. ముందుకాలు నొప్పి చేసిన కుక్క ఆ కాలు నేలకి ఆనినప్పుడు తల పైకెత్తుతుంది, బాగున్న కాలి మీదకి బరువేసేటప్పుడు కిందికి దించుతుంది. ఎడమకాలు ఆనినప్పుడల్లా తల లేస్తోంది. కూర్చోబెట్టి వేళ్ల సందులు విడదీసి చూస్తే లోపల ఒక గడ్డి ముల్లు. వెంట్రుకల్లో కలిసిపోయి కంటికి ఆనలేదు, వేలికి తగిలింది. అది చర్మంలోకి దిగితే లోలోపలే కదులుతూ పోతుందట. డాక్టరు గారే తీసి కట్టుకట్టారు.

నొప్పికి మన మాత్రలు వెయ్యకూడదని ఇక్కడ రాసిపెడుతున్నాను. ఐబుప్రోఫెన్, పారాసిటమాల్ రెండూ కుక్కలకి ప్రమాదం. ఆ వారం చుక్కి ఇంట్లో వాసనలాట ఆడింది. నేను ఒంటరిగా పరుగెత్తాను, ఎడమవైపు మాత్రమే నిండింది, నియమం ప్రకారం ఆ పరుగులు ప్రాజెక్టులో చేరలేదు.

ఇప్పటి లెక్క

5 కిలోమీటర్లు అయ్యాయి, మధ్యలో ఎక్కడా ఆగకుండా, చల్లటి పొద్దున, మట్టి బాట మీద. నా వేగం చెప్పుకునేంతది కాదు, ఈ ప్రాజెక్టులో అది కొలతా కాదు. కుడివైపు రాసింది ఇది: నాలుక చివర సన్నగానే ఉంది, ఊగలేదు, తల సమంగా ఉంది, ఇంటికొచ్చిన కాసేపటికే నోరు మూసుకుంది, మర్నాడు పడక మీంచి బిగుసుకోకుండా లేచింది. చుక్కి తూకం 30.1 కిలోలు, ఒంటితీరు మార్కు 6 కంటే కాస్త తక్కువే అన్నారు డాక్టరు గారు. ఇప్పుడు నొక్కకుండానే నా వేళ్లకి పక్కటెముకలు దొరుకుతున్నాయి. నా ప్యాంటు బెల్టుకి ఒక రంధ్రం లోపలికి వెళ్లింది, నిద్ర బాగా పడుతోంది.

దూరం ఇక పెంచం. వారానికి మూడు పరుగులు, రెండు గుంజీల రోజులు, మిగతావి వాసన నడకలు. ఎండలు ముదిరితే పరుగులు మానేసి నడకే. చుక్కి 28.5 కిలోలకి వచ్చేదాకా డబ్బాలో తిండి ఇంతే, వచ్చాక డాక్టరు గారిని అడిగి పెంచుతాను. ఆ సంగతి అమ్మకి ఇంకా చెప్పలేదు.